లోపలి లెక్క మారకుండా నకలు తీయడం: జావాస్క్రిప్ట్‌లో డీప్ కాపీ ఫంక్షన్ ఎలా రాయాలి?

కరీంనగర్‌లో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్న తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: “అన్నా, ఇంటర్వ్యూలో నెస్టెడ్ ఆబ్జెక్ట్‌ని డీప్ కాపీ చేసే ఫంక్షన్ రాయమన్నారు. స్ప్రెడ్‌తో రాశాను, లోపలివి కాపీ కావన్నారు. జేసన్‌తో రాశాను, తేదీ ఉంటే ఏమవుతుందని అడిగారు. అక్కడ ఆగిపోయాను. అసలు ఎలా రాయాలి?”

డీప్ కాపీ అంటే ఒకదాని లోపల ఒకటి ఉన్న ఆబ్జెక్ట్‌కి లోపలిదాకా వేరే నకలు తీయడం. సూటిగా జవాబు: ఉద్యోగంలో మామూలు డేటాకి నకలు కావాలంటే సొంత ఫంక్షన్ రాయకు, బ్రౌజర్లలోనూ నోడ్‌లోనూ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) సిద్ధంగా ఉన్న స్ట్రక్చర్డ్‌క్లోన్ ఫంక్షన్ వాడు. ఇంటర్వ్యూలో రాయమన్నా, నీ డేటాలో క్లాసులు, ఫంక్షన్లు ఉన్నా, రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకునేలా, సొంతంగా రాయాలి. ఆ రికర్షన్‌కి తోడుగా ఇప్పటిదాకా దేనికి నకలు తీశామో గుర్తుపెట్టుకునే ఒక వీక్‌మ్యాప్ (ఒక్కో ఆబ్జెక్ట్ పక్కన ఒక విలువ రాసుకునే పట్టిక) తప్పకుండా ఉండాలి. ఇవి రెండూ రాయడానికి ముందు, ఒక్కో రకం విలువకి “నకలు” అంటే ఏమిటో నువ్వు తేల్చుకోవాలి. ఇంటర్వ్యూలో నిన్ను ఆపింది ఈ మూడోదే.

నేను హనుమకొండలో ఉంటాను. పదిహేనేళ్లుగా ఇదే పని. అందులో ఎక్కువ కాలం ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి దుకాణాలకీ (రైతు సరుకుని కమిషన్ మీద అమ్మిపెట్టేవి), చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులకీ లెక్కల సాఫ్ట్‌వేర్ రాశాను. అందుకే నా ఉదాహరణలన్నీ తక్‌పట్టీల మీదే, అంటే రైతు అమ్మిన సరుకు లెక్క చీటీల మీదే ఉంటాయి. ఇంకో మాట, కోడ్ ఇక్కడ అతికించడం లేదు. ఆదివారాలు నా దగ్గరికి వచ్చే పిల్లలకి కూడా ఇలా మాటల్లోనే చెప్తాను. చూసి రాసినవాళ్లు రెండో ప్రశ్నకే ఆగిపోవడం చాలాసార్లు చూశాను.

ముందు స్ప్రెడ్ సంగతి, అంటే మూడు చుక్కలు పెట్టి ఒక ఆబ్జెక్ట్‌లోనివి కొత్తదాంట్లోకి పరచడం. రైతు మిర్చి తెచ్చాడు. తక్‌పట్టీలో రైతు పేరు, తేదీ, లాట్లు ఉంటాయి. ఒక్కో లాట్‌లో బస్తాల తూకాలు ఉంటాయి. ఇప్పుడు గుమస్తా తక్‌పట్టీ మీద తూకాలు రాయకుండా “కాంటా పుస్తకం 40వ పేజీ చూడు” అని రాశాడనుకో. ఆ తక్‌పట్టీని జిరాక్స్ తీశావు. చేతిలో రెండు కాగితాలున్నాయి, కానీ రెండింటి మీదా ఉన్నది “40వ పేజీ చూడు” అనే మాటే. ఎవరైనా 40వ పేజీలో అంకె దిద్దితే రెండు కాగితాల లెక్కా మారుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్ట్ లోపల ఉన్న ఇంకో ఆబ్జెక్ట్ ఇలాంటి పేజీ నంబరే, దాన్నే రిఫరెన్స్ అంటాం. మూడు చుక్కల స్ప్రెడ్, ఆబ్జెక్ట్ డాట్ అసైన్, అర్రే స్లైస్, ఈ మూడూ జిరాక్సులే. పైపొర వరకే కొత్తది. డీప్ కాపీ అంటే కాంటా పుస్తకంలో ఆ పేజీని కూడా కొత్తగా రాసి, కొత్త తక్‌పట్టీ మీద కొత్త పేజీ నంబరు వేయడం. ఆ పేజీలో ఇంకో పేజీ నంబరుంటే దాన్నీ రాయడం. అలా చివరిదాకా.

దీనివల్ల నేను చేసిన తప్పు చెప్తాను. 2019 మిర్చి సీజన్. ఒక అడ్తి దుకాణానికి తక్‌పట్టీ సవరించే స్క్రీన్ రాశాను. “సవరణ” నొక్కితే తక్‌పట్టీకి నకలు తీసి చూపించాలి. “రద్దు” నొక్కితే నకలు పారేసి, అసలుది అలాగే ఉంచాలి. నకలు స్ప్రెడ్‌తో తీశాను. గుమస్తా ఒక బస్తా తూకం 38.4 కిలోలున్నచోట పొరపాటున 34.8 అని కొట్టాడు, తప్పని గమనించి రద్దు నొక్కాడు. స్క్రీన్ మూసుకుంది. కానీ తూకాల అర్రే రెండింటికీ ఒక్కటే కాబట్టి అసలు తక్‌పట్టీలోనూ 34.8 పడింది, అదే ప్రింట్ అయింది. ఆ రైతు కాంటా దగ్గరే నిలబడి ప్రతి బస్తా తూకం తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు కాబట్టి బయటపడింది. 3.6 కిలోలు. క్వింటాల్ 15,000 అనుకున్నా 540 రూపాయలు. రాసుకోని రైతు అయితే ఆ డబ్బు పోయేది, ఎవరికీ తెలిసేది కూడా కాదు. అందుకే ఈ విషయం మీద నేను ఇంత పట్టుగా మాట్లాడతాను.

తర్వాత నేనూ నీలాగే జేసన్ దారి పట్టాను. స్ట్రింజిఫై చేసి (డేటాని అక్షరాల వరుసగా మార్చి) మళ్లీ పార్స్ చేయడం (దాన్ని తిరిగి డేటా చేయడం). ఒక్క లైన్, లోపలిదాకా కొత్తగా వస్తుంది. అంకెలు, అక్షరాలు, ట్రూ ఫాల్స్, నల్, వాటితో కట్టిన అర్రేలు, సాదా ఆబ్జెక్ట్‌లు, ఇంతవరకే ఉంటే అది సరిపోతుంది కూడా. ఇవి కాక ఇంకేదైనా ఉంటే మాత్రం చెప్పకుండా మార్చేస్తుంది.

తేదీ సంగతి చూడు. డేట్ ఆబ్జెక్ట్ జేసన్‌లోకి వెళ్తే అక్షరాల వరుస అయిపోతుంది, తిరిగి వచ్చాక డేట్‌గా మారదు. అది కూడా మన సమయం కాదు, యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. నేను తక్‌పట్టీ తేదీని రోజు మొదలయ్యే అర్ధరాత్రికి పెట్టేవాడిని. 2020 మార్చి 12 అర్ధరాత్రి 12 గంటలు మనకి, యూటీసీలో మార్చి 11 సాయంత్రం 6:30. మనం ఐదున్నర గంటలు ముందుంటాం కదా. ఆ వరుసలో మొదటి పది అక్షరాలు తీసుకుని ప్రింట్ చేసే కోడ్ వేరేచోట ఉంది. దాంతో 12న అమ్మిన సరుకుకి 11వ తేదీ తక్‌పట్టీ వచ్చింది. ఆ తేదీ నుంచే చెల్లింపు రోజులు లెక్కబెడతారు, మార్కెట్‌లో ధర రోజురోజుకీ మారుతుంది. ఒక్కరోజు తేడా చిన్న విషయం కాదు.

నాట్ ఏ నంబర్ (లెక్క కుదరనప్పుడు జావాస్క్రిప్ట్ ఇచ్చే ‘అంకె కాదు’ అనే విలువ) కథ దీనికంటే ప్రమాదం. ఒక మిల్లులో పత్తి తేమకి తరుగు శాతం వేసే గడి ఖాళీగా వదిలేస్తే నా కోడ్‌లో నాట్ ఏ నంబర్ వచ్చేది. స్క్రీన్ మీద మొత్తం దగ్గర కూడా అదే కనపడేది, చూసినవాడు దిద్దేవాడు. జేసన్ నకలు పెట్టాక అది నల్ అయింది. నల్‌ని గుణిస్తే జావాస్క్రిప్ట్ సున్నాగా తీసుకుంటుంది. తరుగు సున్నా అయిపోయి మొత్తం చక్కగా, నమ్మేలా కనపడింది. కళ్లకి కనపడే తప్పుని జేసన్ కనపడని తప్పుగా మార్చింది. ఇన్ఫినిటీకీ ఇదే గతి. మిగిలినవి త్వరగా చెప్తాను: ఆబ్జెక్ట్‌లో అన్‌డిఫైన్డ్, ఫంక్షన్, సింబల్ ఉంటే ఆ కీ మాయమవుతుంది, అర్రేలో ఉంటే నల్ అవుతుంది. మ్యాప్, సెట్, రెజెక్స్ (అక్షరాల్లో వెతికే నమూనా) ఖాళీ ఆబ్జెక్ట్‌లవుతాయి. బిగ్‌ఇంట్ (చాలా పెద్ద పూర్ణాంకం) ఉంటే టైప్ ఎర్రర్. తనని తానే చూపించే ఆబ్జెక్ట్ ఉన్నా టైప్ ఎర్రరే. ఎర్రర్ ఇచ్చేవాటితో నాకు భయం లేదు, నిశ్శబ్దంగా మారేవాటితోనే.

ఇక సొంత ఫంక్షన్. పేరు “నకలు” అనుకుందాం. జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్ పేరు తెలుగు అక్షరాల్లో నిజంగానే పెట్టుకోవచ్చు, నడుస్తుంది. దానికి రెండు ఇన్‌పుట్‌లు: కాపీ చేయాల్సిన విలువ, “చూసినవి” అనే వీక్‌మ్యాప్. రెండోది ఇవ్వకపోతే కొత్త ఖాళీ వీక్‌మ్యాప్ డిఫాల్ట్‌గా పెట్టు.

మొదటి మెట్టు. వచ్చిన విలువ నల్ అయినా, టైప్‌ఆఫ్ అడిగితే ఆబ్జెక్ట్ కాకపోయినా, దాన్ని అలాగే తిరిగి ఇచ్చెయ్. అంకెలు, స్ట్రింగులు, బూలియన్లు మార్చడానికి వీల్లేనివి, వాటికి వేరే నకలు అక్కర్లేదు. ఫంక్షన్‌ని కూడా అలాగే ఇవ్వు. నల్‌ని విడిగా ఎందుకు చూడాలంటే, టైప్‌ఆఫ్ నల్ అడిగితే జావాస్క్రిప్ట్ “ఆబ్జెక్ట్” అంటుంది. 1995లో భాష పుట్టినప్పటి పొరపాటు అది. దిద్దితే పాత వెబ్‌సైట్లు పాడవుతాయని అలాగే ఉంచేశారు. ఇది మర్చిపోతే ఖాళీగా ఉన్న మొదటి నల్ దగ్గరే నీ ఫంక్షన్ ఎర్రర్‌తో ఆగిపోతుంది.

రెండో మెట్టు. ఈ ఆబ్జెక్ట్ “చూసినవి”లో ఉందా? ఉంటే, దానికి ఇంతకుముందు తీసిన నకలునే తిరిగి ఇవ్వు.

మూడో మెట్టు. ప్రత్యేక రకాలు. డేట్ అయితే గెట్‌టైమ్ తీసుకుని కొత్త డేట్. రెజెక్స్ అయితే దాని సోర్స్, ఫ్లాగులతో కొత్త రెజెక్స్. మ్యాప్, సెట్ అయితే ఖాళీది తయారుచేసి, లోపల ఉన్నవాటిని ఒక్కోటీ “నకలు”కి పంపి చేర్చు.

నాలుగో మెట్టు. అర్రే అయితే అదే పొడవున్న కొత్త అర్రే. పొడవు ఎందుకంటే, చివర్లో ఖాళీ గడులున్న అర్రేలు కురచ కాకూడదు. అర్రేకి కూడా టైప్‌ఆఫ్ “ఆబ్జెక్ట్” అనే చెప్తుంది, కాబట్టి అర్రే డాట్ ఈజ్‌అర్రేతో చూడాలి. మామూలు ఆబ్జెక్ట్ అయితే అసలుదాని ప్రోటోటైప్ (దానికి మెథడ్లు అందించే మూల ఆబ్జెక్ట్) తీసుకుని, ఆబ్జెక్ట్ డాట్ క్రియేట్‌తో కొత్తది.

ఐదో మెట్టు. ఆ ఖాళీ నకలుని వెంటనే “చూసినవి”లో రాసిపెట్టు. మూడో మెట్టులో పుట్టిన డేట్, మ్యాప్, సెట్‌లకీ ఇదే వర్తిస్తుంది.

ఆరో మెట్టు. ఆబ్జెక్ట్ డాట్ కీస్ తీసుకుని, ప్రతి కీకి లోపలి విలువని మళ్లీ “నకలు”కి పంపు. “చూసినవి”ని కూడా వెంట పంపాలి. ఇక్కడ ఫర్ ఇన్ లూప్ వాడకు. అది ప్రోటోటైప్ నుంచి వచ్చిన కీలని కూడా లాక్కొస్తుంది.

ఐదు, ఆరు మెట్లు తారుమారు చేయడం నేను అందరికంటే ఎక్కువగా చూసే తప్పు. లోపలివన్నీ కాపీ అయ్యాక రాసిపెడదాం అనుకుంటారు. ఆబ్జెక్ట్ తనని తానే చూపిస్తుంటే, లోపలికి వెళ్లినప్పుడు దాని పేరు ఇంకా “చూసినవి” పుస్తకంలో ఉండదు. మళ్లీ కాపీ మొదలవుతుంది, మళ్లీ లోపలికి, చివరికి కాల్ స్టాక్ నిండిపోయిందని ఎర్రర్ (క్రోమ్, నోడ్‌లలో రేంజ్ ఎర్రర్). వీక్‌మ్యాప్ ఉండి కూడా పనిచేయదు. రైతు గేటు లోపలికి వచ్చినప్పుడే పేరు రాయాలి, సరుకంతా అమ్ముడుపోయాక కాదు.

వీక్‌మ్యాప్ గురించి ఇంకొంచెం సేపు చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరూ “సర్క్యులర్ రిఫరెన్స్ కోసం” అని ఒక్క ముక్కలో ముగిస్తారు. నిజానికి రోజువారీ పనిలో చుట్టు తిరిగే డేటా నాకు తక్కువే తగిలింది. తరచుగా తగిలేది పంచుకున్న రిఫరెన్స్. ఒకే రైతు తేజా ఒక లాట్, చపాటా ఒక లాట్ తెచ్చాడు. రెండు లాట్లూ ఒకే రైతు ఆబ్జెక్ట్‌ని చూపిస్తున్నాయి. వీక్‌మ్యాప్ లేని రికర్షన్ ఈ తక్‌పట్టీని కాపీ చేస్తే ఎర్రర్ ఏమీ రాదు, కానీ నకలులో ఇద్దరు రైతులు పుడతారు. తర్వాత మొదటి లాట్ దగ్గర బ్యాంకు ఖాతా నంబరు దిద్దితే రెండో లాట్‌లో పాత నంబరే ఉంటుంది. ఒకే మనిషికి సగం డబ్బు ఒక ఖాతాకి, సగం ఇంకో ఖాతాకి. జేసన్ పద్ధతిలోనూ అచ్చం ఇదే జరుగుతుంది. అసలుదాంట్లో రెండు దారులూ ఒకే ఇంటికి వెళ్తుంటే, నకలులోనూ రెండు దారులు ఒకే కొత్త ఇంటికి వెళ్లాలి. విలువలతో పాటు ఈ చుట్టరికం కూడా కాపీ కావాలి. రెండో మెట్టు ఉన్నది అందుకే. ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పి చూడు, ఎదుటివాళ్లు ఇంకాస్త శ్రద్ధగా వింటారు.

మామూలు మ్యాప్ కాకుండా వీక్‌మ్యాప్ ఎందుకని అడగొచ్చు. ఫంక్షన్ ముగిశాక ఆ మ్యాప్ ఎలాగూ పోతుంది, కాబట్టి ఇక్కడ మ్యాప్ వాడినా తప్పు లేదు. కీలు ఎప్పుడూ ఆబ్జెక్ట్‌లే కావడం, మెమరీని పట్టుకుని ఉంచకపోవడం వల్ల వీక్‌మ్యాప్ అలవాటైంది. అంతే, దాని కోసం వాదించకు.

ఎక్కడ ఆగాలి? క్లాస్‌తో చేసిన ఆబ్జెక్ట్‌లు చిక్కు. ప్రోటోటైప్ కాపీ చేస్తే మెథడ్లు వస్తాయి, కానీ హ్యాష్ గుర్తుతో మొదలయ్యే ప్రైవేట్ ఫీల్డులు ఆబ్జెక్ట్ డాట్ క్రియేట్‌తో రావు. వాటిని ముట్టుకునే మెథడ్ పిలవగానే టైప్ ఎర్రర్. అలాంటి క్లాసుకి దాని నకలు ఎలా తీయాలో దానికే తెలియాలి, క్లాసులోనే ఒక కాపీ మెథడ్ రాసి, నీ ఫంక్షన్ దాన్ని పిలిచేలా చెయ్. ప్రామిస్‌కి, తెరిచి ఉన్న కనెక్షన్‌కి, పేజీలోని డామ్ ఎలిమెంట్‌కి నకలు అంటే అర్థమే లేదు. నా పద్ధతి ఏమిటంటే, తెలియని రకం వస్తే సగం కాపీ చేయకుండా ఎర్రర్ విసరడం. మొదట్లో చిరాకుగా ఉంటుంది. కానీ ఆ 540 రూపాయల రోజు నుంచి నేను దీన్ని వదల్లేదు.

భద్రత విషయం ఒకటి. బయటి నుంచి వచ్చిన జేసన్‌లో రెండు వైపులా రెండేసి అండర్‌స్కోర్లున్న “ప్రోటో” అనే కీ ఉండొచ్చు. జేసన్ పార్స్ దాన్ని మామూలు కీ లాగే పెడుతుంది. కానీ ఆరో మెట్టులో నువ్వు ఈక్వల్ గుర్తుతో విలువ వేస్తే, అది కీగా పడకుండా నీ నకలు ప్రోటోటైప్‌నే మార్చేస్తుంది. ఆ కీని వదిలేయి, లేదా డిఫైన్‌ప్రాపర్టీతో వెయ్యి. సర్వర్ వైపు కోడ్ రాసేవాళ్లు దీన్ని అస్సలు పక్కన పెట్టొద్దు.

లోతు మరీ ఎక్కువైతే, అంటే ఒకదాని లోపల ఒకటి వేల పొరలుంటే, రికర్షన్ స్టాక్ సరిపోదు. అప్పుడు సొంత అర్రేని స్టాక్‌లా వాడి లూప్‌తో రాయాలి. నాకు ఇన్నేళ్లలో ఒక్కసారే అవసరం పడింది. ఇంటర్వ్యూలో “తెలుసు, ఇలా మార్చొచ్చు” అంటే చాలు.

ఇప్పుడు మొదట చెప్పిన స్ట్రక్చర్డ్‌క్లోన్. ఫైర్‌ఫాక్స్ 94, నోడ్ 17లో 2021లో వచ్చింది, క్రోమ్ 98, సఫారీ 15.4లో 2022లో. డేట్, మ్యాప్, సెట్, రెజెక్స్, బిగ్‌ఇంట్, టైప్డ్ అర్రేలు, చుట్టు తిరిగే రిఫరెన్స్, పంచుకున్న రిఫరెన్స్, అన్నీ సరిగా చూసుకుంటుంది. నాట్ ఏ నంబర్‌ని అలాగే ఉంచుతుంది. ఫంక్షన్ కనపడితే డేటా క్లోన్ ఎర్రర్ విసురుతుంది, అది మంచిదే. కొన్నిచోట్ల మాత్రం నిశ్శబ్దంగా మారుస్తుంది, వాటిలో ముఖ్యమైనది ఇది: క్లాస్‌తో చేసిన ఆబ్జెక్ట్‌ని సాదా ఆబ్జెక్ట్‌గా ఇస్తుంది, మెథడ్లు పోతాయి. పాత కంప్యూటర్లలో నడుస్తుందా అని నన్ను తరచూ అడుగుతారు. మన దగ్గర చాలా దుకాణాల్లో విండోస్ 7 ఇంకా ఉంది. విండోస్ 7కి వచ్చిన చివరి క్రోమ్ 109, అందులో ఇది ఉంది. కాబట్టి క్రోమ్ అక్కడిదాకా అప్‌డేట్ అయిందా లేదా చూసుకుంటే చాలు. ప్రాజెక్ట్‌లో ఇప్పటికే లోడాష్ అనే లైబ్రరీ ఉంటే దాని క్లోన్‌డీప్ కూడా నమ్మదగినదే, అది ప్రోటోటైప్‌ని నిలుపుతుంది. దీనికోసమే కొత్తగా లోడాష్ తెచ్చుకోవాల్సిన పని లేదు.

అసలు డీప్ కాపీ కావాలా అని కూడా ఆలోచించు. రియాక్ట్‌లో (స్క్రీన్లు కట్టే లైబ్రరీ) స్టేట్, అంటే స్క్రీన్ వెనకున్న డేటా, మార్చడానికి మొత్తం డీప్ కాపీ చేసేవాళ్లని చూస్తుంటాను. 400 బస్తాల తక్‌పట్టీలో ఒక బస్తా తూకం మారితే, తక్‌పట్టీ, ఆ లాట్ల అర్రే, ఆ లాట్, ఆ తూకాల అర్రే, ఈ నాలుగే కొత్తవి కావాలి. మిగిలిన లాట్లు పాతవే ఉండాలి. అన్నింటికీ కొత్త రిఫరెన్స్ ఇస్తే అన్నీ మారాయనుకుని రియాక్ట్ మెమో పెట్టిన (మారకపోతే మళ్లీ గీయొద్దని చెప్పిన) భాగాలు కూడా మళ్లీ గీస్తుంది. గుమస్తా ఒక్కో అంకె కొట్టినప్పుడల్లా ఇది జరిగితే స్క్రీన్ ఈడుస్తుంది. అక్కడ మారే దారి వెంబడి స్ప్రెడ్ వాడడమే సరైన పని. ఆ దారి పొడుగైతే ఇమ్మర్ లాంటి లైబ్రరీ ఉంది.

ఇంటర్వ్యూ విషయానికొస్తే, మళ్లీ ఇదే ప్రశ్న వస్తే బోర్డు మీద రాయడానికి ముందు అడుగు: డేటాలో డేట్, మ్యాప్ లాంటివి ఉంటాయా? క్లాసులు ఉంటాయా? ఒకే ఆబ్జెక్ట్‌ని రెండుచోట్ల చూపించే అవకాశం ఉందా? వాళ్లు “సాదా డేటానే” అంటే చిన్న ఫంక్షన్ చాలు. టెన్షన్‌లో అన్నీ ఒకేసారి రాయకు. మొదటి, నాలుగో, ఆరో మెట్లు రాసి నడిపి చూపించు, తర్వాత “చూసినవి” చేర్చు, డేట్ చివర.

రాశాక ఈ పరీక్షలు పెట్టు. నకలు లోపలి తూకం మార్చితే అసలుది మారకూడదు. రెండు లాట్లలో ఒకే రైతు ఉంటే, నకలులోని ఇద్దరు రైతులు మూడు ఈక్వల్ గుర్తులతో పోల్చినప్పుడు ఒకటే కావాలి, కానీ అసలు రైతు కాకూడదు. ఆబ్జెక్ట్‌కి “నేను” అనే కీ పెట్టి దాన్నే చూపించు, నకలులోని “నేను” నకలునే చూపించాలి. ఇక్కడ చాలామందికి అసలుది వస్తుంది. డేట్ మీద గెట్‌మంత్ పనిచేయాలి. నల్ ఉన్న కీ నల్ గానే ఉండాలి. నాట్ ఏ నంబర్ అలాగే ఉండాలి.

ఈ ఆరింటిలో ఏది నిలవలేదో రాయి తమ్ముడూ, నీ కోడ్ కూడా పెట్టు. ఆదివారం కూర్చుని చూస్తాను.